రాణిగారి భక్తిలో మన వాటా ఎంత?

మాహిష్మతిని శివగామి బాగా ఏలిందా, లేదా? సాయంత్రాలు నా దగ్గర చదువుకోవడానికి వచ్చే డిగ్రీ పిల్లల మధ్య ఈ వాదన చాలా రోజులు నడిచింది. వీళ్ళంతా శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని అండమాన్ వచ్చిన కుటుంబాల పిల్లలు. పుట్టింది ప్రోతరాపూర్ చుట్టుపక్కలే. తెలుగు నేల గురించి వాళ్ళకు తెలిసింది సగం అమ్మమ్మ చెబితే, సగం సినిమా చెబితే. నిప్పుల కుండ నెత్తిన పెట్టుకుని ఎక్కడా ఆగకుండా గుడికి నడిచిన రాణి ధర్మం ఎలా తప్పుతుందని ఒకరు. అంత మొండి భక్తి ఉన్న మనిషి చేతిలో రాజ్యం ఉంటే మిగతా జనం గతేమిటని ఇంకొకరు. కట్టప్ప సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆమె తప్పు తీర్పు ఇచ్చింది, తర్వాత పశ్చాత్తాపపడింది. ఆ తీర్పు అమలు చేసిన కట్టప్ప ముందూ బానిసే, తర్వాతా బానిసే. మామా అని నోరారా పిలిచిన బాహుబలి కూడా అతన్ని ఆ సంకెల నుంచి తప్పించలేదు.

మతం మీద అంత పట్టున్న రాణి రాజ్యాన్ని చక్కగా ఏలగలదా అన్న ప్రశ్న పనికిమాలినదేమీ కాదు. కాకపోతే దానికి జవాబు కోసం కల్పిత రాజ్యం దాకా పోనక్కర్లేదు. మనకు నిజమైన రాణి ఉంది. కాకతీయ రుద్రమదేవి శివభక్తురాలు. ఆమె కుటుంబానికి గోళకీ మఠం గురువులున్నారు, దానశాసనాలు ఉన్నాయి. పైగా ఆమెను చెడ్డ పాలకురాలని ఎవరూ అనలేదు. అందుకే ఆమెను తీసుకుంటున్నాను. చెడ్డ రాణిని చూపించి భక్తి చెడ్డదనడం తేలిక. ఇంగ్లండులో మేరీ ట్యూడర్ 1553 నుంచి 1558 వరకు ఉన్న అయిదేళ్ళలో దాదాపు 280 మంది ప్రొటెస్టెంట్లను సజీవంగా తగలబెట్టించింది. స్పెయిన్‌లో ఇసబెల్లా, ఫెర్డినాండ్ కలిసి 1492లో యూదులను దేశం నుంచి వెళ్ళగొట్టారు. అలాంటి కేసు గెలవడానికి వకీలు అక్కర్లేదు. మంచి రాణి దగ్గర ఏం జరిగిందో చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

రుద్రమ ఎలాంటి పరిస్థితిలో గద్దె ఎక్కిందో ముందు చెప్పాలి. గణపతిదేవుడికి కొడుకుల్లేరు. 1260 ప్రాంతంలో కూతురు పాలనలోకి వచ్చింది. శాసనాల్లో ఆమె పేరు చాలాచోట్ల రుద్రదేవ మహారాజు. ఆడపేరుతో ఏలడం కూడా కష్టమైన కాలం అది. ఆడది గద్దె మీద కూర్చోవడం గిట్టని సామంతులు ఉండనే ఉన్నారు. దేవగిరి యాదవుల దాడి ఉంది. చివరికి కాయస్థ అంబదేవుడి తిరుగుబాటు ఉంది. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతుంది, ఆమెతోపాటు సేనాని మల్లికార్జున నాయకుడి మరణాన్నీ చెబుతుంది. ముసలితనంలో కూడా యుద్ధరంగం తప్పలేదన్నమాట. పాత కులీన సామంతులను నమ్ముకోకుండా పెద్ద ఇంటిపేరు లేని కొత్తవాళ్ళను నాయకులుగా పైకి తెచ్చిందని చరిత్రకారులు రాశారు. కాకతీయులే తమను చాలా శాసనాల్లో నాలుగో వర్ణం వాళ్ళమని చెప్పుకున్నారు. సూర్యవంశం అని రాయించుకున్న శాసనాలు కొన్నే. శూద్ర వంశంలో పుట్టి, ఆడదై ఉండి, ముప్పయ్యేళ్ళు నిలబడ్డ ఈ మనిషిని బహుజనులు మనది అనుకోవడంలో వింతేమీ లేదు. నేనూ అనుకుంటాను.

అయితే ఆ నిలబడటానికి భక్తి ఏ పనికొచ్చింది? ఆమెకు అది ఒక కవచమని నా అభిప్రాయం. వర్ణ ధర్మం ప్రకారం శూద్రుడికి రాజ్యం లేదు, స్త్రీకి అసలే లేదు. శైవ మఠం మాత్రం దీక్ష ఇచ్చి రాజును శిష్యుడిగా, కొడుకుగా చేసుకుంటుంది. గౌడ దేశం నుంచి వచ్చిన విశ్వేశ్వర శివాచార్యుడు గణపతిదేవుడికి గురువైంది అలాగే. సింహాసనానికి బ్రాహ్మణ శాస్త్రం ఇవ్వని సమ్మతిని శివుడి పేరుతో గురువు ఇచ్చాడు. ఏ సమ్మతీ ఉచితంగా రాదు. దాని ధర మల్కాపురం శాసనంలో ఉంది.

ఆ శాసనం 1261 నాటిది. తెలుగు నేల మీద దొరికిన గొప్ప శాసనాల్లో ఒకటి, చదివిన ప్రతిసారీ కొత్తగా అనిపిస్తుంది. గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, రుద్రమ వెలగపూడి గ్రామాన్ని, కృష్ణ లంక భూములతో సహా ఈ గురువుకు ఇచ్చారు. ఆయన అక్కడ గుడి, మఠం, సత్రం కట్టించాడు. వేదాలు, తర్కం, సాహిత్యం, ఆగమాలు చెప్పే పండితులను పెట్టాడు. ప్రసూతిశాల పెట్టాడు, ఆరోగ్యశాల పెట్టాడు. పదమూడో శతాబ్దంలో కాన్పుల కోసం ప్రత్యేకంగా ఒక ఇల్లు, దాని ఖర్చుకు భూమి ఆదాయంలో భాగం! ఈ మాట చెప్పినప్పుడు మా పిల్లలు నమ్మలేదు. ఇంకా ఉంది. భోజనం వేళకు వచ్చిన వాళ్ళకు బ్రాహ్మడి నుంచి చండాలుడి దాకా ఎవరికీ లేదనకుండా అన్నం పెట్టాలని కూడా ఆ శాసనంలో ఉంది.

రాణి బాగా ఏలింది అనేవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు. మనం ఆగకూడదు. అదే శాసనంలో భూమి ఎవరికి వెళ్ళిందో చూడాలి. ఆ ఊరికి తెచ్చి కాపురం పెట్టించిన 60 ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలకు భూమి వెళ్ళింది. దేవుడికి, మఠానికి వెళ్ళింది. కమ్మరి, కుమ్మరి, మంగలి లాంటి వృత్తుల వాళ్ళకు వాటాలున్నాయి కానీ ఆ వాటాలు వృత్తికి కట్టేసిన పలుపుతాళ్ళు. పని చేసినంత కాలమే మాన్యం. చండాలుడు కనబడేది ఒక్కచోటే, అన్నం దగ్గర. బ్రాహ్మడికి ఇచ్చిన భూమి అతని కొడుక్కి, మనవడికి వెళుతుంది. చండాలుడికి పెట్టిన అన్నం సాయంత్రానికి అరిగిపోతుంది. రేపు మళ్ళీ వచ్చి నిలబడాలి. రేపు పెట్టకపోతే అడిగే చోటు లేదు. ఒకే దయగల చేతి నుంచి, ఒకే రాతి పలక మీద, ఒకరికి ఆస్తి వచ్చింది, ఇంకొకరికి ఆకలి తీరింది. దీన్ని రుద్రమ దుర్మార్గమని నేననడం లేదు. ఆమె మనసులో చండాలుడి ఆకలి గుర్తుంది, అది చిన్న విషయం కాదు. గుర్తున్నా, ఆమె భక్తి అతన్ని ఆకలిగొన్న కడుపుగా చూడగలిగింది కానీ భూమికి హక్కుదారుగా చూడలేకపోయింది. ఎందుకంటే ఆ భక్తి ఆమెకు నేర్పిన పుణ్యం లెక్కలో అన్నదానానికి ఒక గడి ఉంది, భూదానానికి ఒక గడి ఉంది. రెండో గడిలో ఎవరి పేర్లు రాయాలో ముందే నిర్ణయమైపోయింది.

వెలగపూడి అంటే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న చోటు. 2015లో రాజధాని కోసం భూ సమీకరణ మొదలైనప్పుడు పట్టా రైతులకు ప్రకటించిన ప్యాకేజీ ఒకటి, దళితుల చేతుల్లో ఎక్కువగా ఉన్న అసైన్డ్ భూములకు ప్రకటించింది దానికంటే తక్కువది. దాని మీద ఆ రైతులు చాలాకాలం కొట్లాడాల్సి వచ్చింది. అసైన్డ్ అనే మాటే చూడండి. ప్రభుత్వం దయతలచి ఇచ్చింది, అమ్ముకోవడానికి లేదు, గట్టిగా అడగడానికి లేదు. ఏడున్నర శతాబ్దాల తర్వాత అదే మట్టిలో ఇచ్చినదానికీ, ఉన్నదానికీ మధ్య తేడా అలాగే ఉంది. ఈసారి రాణి లేదు, గురువు లేడు. ఫైలు ఉంది.

మార్కో పోలో మోటుపల్లి రేవు ఉన్న రాజ్యాన్ని వర్ణిస్తూ అక్కడి రాణి న్యాయంగా ఏలిందని మెచ్చుకున్నాడు. ఆమెను రాజుగారి విధవ అనుకున్నాడు కానీ మెప్పు మాత్రం రుద్రమదే. ఆ రేవు ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. కారంచేడు కూడా ఆ జిల్లాలోనే ఉంది. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. న్యాయంగా ఏలిన రాణి, ఆకలిగొన్నవాడికి లేదనని సత్రం, ఇవన్నీ ఉన్న చరిత్ర ఆ నేలది. అన్నం కలిపి తిన్న కథలకు కూడా మనకు కొదవ లేదు. పల్నాట్లో బ్రహ్మనాయుడి చాపకూడు ఉంది, మాల కన్నమదాసు సేనాని అయిన కథ ఉంది. అదే కథలో శైవురాలైన మంత్రి నాయకురాలు నాగమ్మను మాత్రం మన జానపదులు ఇంతకాలం విలన్‌గానే పాడారు. వైష్ణవ మగవాడు చేస్తే సంస్కరణ, శైవ ఆడది చేస్తే కుట్ర! ఆ లెక్క ఇంకోసారి తేల్చుకుందాం. ఇక్కడ కావలసింది ఒక్కటే: చాప మీద పక్కన కూర్చున్నవాడు భోజనం అయ్యాక ఎక్కడికి లేచి వెళ్ళాడు? తన వాడకే.

సరే, భక్తురాలు కాదు, మతం జోలికి పోని రాణి అయితే? ఈ దీవులకు అలాంటి రాణి కూడా ఉంది. 1858 మార్చిలో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస మొదలైంది. అదే ఏడు నవంబర్ 1న విక్టోరియా ప్రకటన వెలువడింది. క్రైస్తవం సత్యమని తాను గట్టిగా నమ్ముతున్నానని, అయినా ఆ నమ్మకాన్ని ప్రజల మీద రుద్దనని అందులో ఉంది. వినడానికి ఎంత బాగుంది! మతోన్మాదానికి సరైన విరుగుడు ఇదేననిపిస్తుంది. కానీ అదే ప్రకటనలో ఈ దేశపు పాత హక్కులను, వాడుకలను, ఆచారాలను మన్నిస్తామన్న హామీ కూడా ఉంది. పాత ఆచారం అంటే బావి ఎవరిది, చెరువు ఎవరిది, వీధి ఎవరిది అన్నది కూడా. 1930లో రౌండ్ టేబుల్ సమావేశంలో అంబేడ్కర్ లేచి అడిగింది సరిగ్గా ఇదే. బ్రిటిష్ వాళ్ళు రాకముందు మాకు ఊరి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు లేదు, గుళ్ళోకి వెళ్ళే హక్కు లేదు. నూటయాభై ఏళ్ళ తర్వాత ఇప్పుడుందా? అని ఆయన వాదన సారాంశం. రుద్రమ మతంలో మునిగి చండాలుడికి అన్నం పెట్టింది. విక్టోరియా మతానికి దూరంగా నిలబడి అతన్ని అతని ఆచారానికి వదిలేసింది. బావి దగ్గర ఇద్దరి రాజ్యమూ ఒక్కలాగే ఉంది.

భక్తి ఉన్న రాణులందరూ ఒకే మూస అనడం కూడా తప్పే. భోపాల్‌ను 1901 నుంచి 1926 వరకు ఏలిన సుల్తాన్ జహాన్ బేగం నిష్ఠగల ముస్లిం. ఆడపిల్లల చదువుకు ఆమె చేసినంత ఆ కాలంలో చేసినవాళ్ళు తక్కువ. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి మొదటి చాన్సలర్ ఆమె. నమ్మకం మనిషిని పాడుచేస్తుందని అంబేడ్కర్ కూడా ఎన్నడూ అనలేదు. మతం అక్కర్లేదనుకుంటే 1956 అక్టోబర్‌లో నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకునేవాడు కాదు. ఆయన అభ్యంతరం ఎక్కడుందో 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో ఉంది. ఆత్మ మోక్షానికి భక్తి దారి అయితే కావచ్చు, రాజకీయాల్లో మాత్రం అది పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి అని హెచ్చరించాడు. మనవాళ్ళు ఈ మాటను నాయకుల మీద జనం భక్తి గురించే వాడుతుంటారు. నాకు అది రెండువైపులా తగులుతుంది. ఏలేవాడు దేవుడికి జవాబుదారీ అయిన కొద్దీ ఏలబడేవాడికి జవాబు చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది. పాపమైతే ప్రాయశ్చిత్తం చేసుకుంటాడు, పుణ్యమైతే శాసనం వేయించుకుంటాడు. మనం ఆ లావాదేవీలో సాక్షులం కూడా కాదు.

ఇదంతా అండమాన్‌లో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, కల్పిత రాజ్యం గురించి మా పిల్లలు అడిగిన ప్రశ్న ఇక్కడ కల్పితం కాదు. ఈ దీవులకు శాసనసభ లేదు. ఢిల్లీ నియమించిన లెఫ్టినెంట్ గవర్నర్ పాలన. లోక్‌సభకు ఒకే ఒక్క సీటు. పైన కూర్చున్న అధికారి మంచివాడైతే మంచి జరుగుతుంది, కాకపోతే బదిలీ కోసం ఎదురుచూడాలి. రాజ్యం మీద మోజు కూడా తగ్గలేదు. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయ పురం అయింది. వలస పాలన గుర్తు చెరిపేస్తున్నామంటూ ఇక్కడ చోళుల నౌకా స్థావరం ఉండేదని గుర్తుచేశారు. ఒక రాజ్యం పేరు పోయి ఇంకో రాజ్యం గొప్ప వచ్చింది. ఈ మట్టి మీద వాళ్ళందరికంటే ముందునుంచీ ఉన్న జరావాలు, ఓంగేలు, గ్రేట్ అండమానీయులు ఏ పేరు పెట్టుకున్నారో ఎవరూ అడగలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. చేపల వేట, కట్టుబడి పనులు, చిన్న వ్యాపారాలు, ప్రభుత్వంలో కింది ఉద్యోగాలు. అండమాన్‌లో కులం లేదని ఇక్కడ గర్వంగా చెప్పుకుంటారు. ఖైదీలు కులం చూడకుండా పెళ్ళిళ్ళు చేసుకున్న చరిత్ర ఉంది, అది నిజమే, మెచ్చుకోదగ్గదే. కానీ తర్వాత ఓడలో వచ్చిన తెలుగువాళ్ళం కులాన్ని సామానుతో పాటే దించుకున్నాం. కొత్తవాడు కనబడితే మీది ఏ ఊరు అని అడుగుతాం. ఊరు చెబితే ఏ వీధి అంటాం. ఆ రెండో ప్రశ్న భూగోళం కోసం కాదు. సంబంధాలు కలుపుకోవడానికి మళ్ళీ టెక్కలి, సోంపేట దాకా పోతాం.

కులం దిగింది, దానికి విరుగుడుగా రాసుకున్న హక్కు మాత్రం దిగలేదు. రాజ్యాంగంలోని 341వ అధికరణం ప్రకారం షెడ్యూల్డ్ కులాలు ఏవో రాష్ట్రపతి ప్రతి రాష్ట్రానికీ, కేంద్రపాలిత ప్రాంతానికీ విడివిడిగా ప్రకటించాలి. అండమాన్ నికోబార్‌కు అలాంటి ప్రకటన ఇంతవరకు లేదు. జనాభా లెక్కల్లో ఈ దీవుల ఎస్సీ గడిలో సున్నా. సొంత రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవాడు వలస వెళ్తే ఆ హోదా కొత్త రాష్ట్రానికి వెంటరాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ కేసు వేసినవాడు కూడా మన తెలుగువాడే. దాంతో ప్రోతరాపూర్‌లో పుట్టి పెరిగిన మాల పిల్ల, మాదిగ పిల్లాడు కాగితం మీద ఏమీ కారు. వాళ్ళకు స్కాలర్‌షిప్ రావచ్చు, ఏదో పథకం కింద. సీటు రావచ్చు, ఎవరో దయగల ప్రిన్సిపాల్ వల్ల. వస్తే సంతోషం. రాకపోతే ఇది నాది అని చూపించడానికి చేతిలో ఏమీ లేదు. మల్కాపురం సత్రం ముందు మధ్యాహ్నం వేళ నిలబడ్డవాడి పరిస్థితి ఇదే.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయను. మనం ఈ దీవులకు వలస వచ్చినవాళ్ళం. ఇక్కడి ఆదివాసులను కాపాడటానికి 1956 రెగ్యులేషన్ ఉంది, 1959లో షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు వచ్చింది. వాళ్ళ భూమిలో, వాళ్ళ రిజర్వేషన్‌లో మనం వాటా అడిగితే వెలగపూడికి తీసుకొచ్చిన అరవై కుటుంబాలకీ మనకీ తేడా ఉండదు. కాబట్టి అడిగేది వాళ్ళ వాటాలోంచి కాదు. వలస వచ్చిన సవర్ణ తెలుగువాడూ, దళిత తెలుగువాడూ ఇక్కడి ప్రభుత్వ తలుపు దగ్గర ఒకే గీత మీద నిలబడ్డారన్న అబద్ధాన్ని ఒప్పుకోవద్దని అడుగుతున్నాం. ఒకడి వెనక అయిదు తరాల పొలం, చదువు ఉన్నాయి. ఇంకొకడి వెనక సత్రం ఉంది.

పల్లెల్లో, కాలేజీల్లో మన పిల్లలు రుద్రమను ఆరాధించడం నేను వద్దనను. గుర్రం మీద కూర్చున్న శూద్ర స్త్రీ బొమ్మ మన ఆడపిల్లలకు ఇచ్చే ధైర్యం తక్కువేం కాదు. పరిశోధన చేసే విద్యార్థులను మాత్రం ఒకటి కోరతాను. దానశాసనాలు చదివేటప్పుడు ఎవరికి ఏమిచ్చారన్న పట్టికతో పాటు, ఇచ్చింది వారసులకు పోతుందా, ఆ పూటకే అయిపోతుందా అన్న ఇంకో గడి గీయండి. కాకతీయులకే కాదు, రెడ్డిరాజుల దగ్గర నుంచి నిజాం ఇనాముల దాకా, ఇప్పటి సంక్షేమ పథకాల జీవోల దాకా గీయండి. నా అంచనా ప్రకారం మన పేర్లు ఎక్కువగా రెండో గడిలోనే దొరుకుతాయి. తప్పని చూపించగలిగితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

అండమాన్ సంగతికి వస్తే, 341వ అధికరణం మొదటి క్లాజు కింద ఈ దీవులకు తొలి జాబితా ప్రకటించడానికి పార్లమెంటులో చట్టం కూడా అక్కర్లేదు. రాష్ట్రపతి సంతకంతో ఒక నోటిఫికేషన్ చాలు. ఆ జాబితా ఒకసారి వెలువడ్డాక అందులోంచి ఒక్క పేరు తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాల్సిందే. ఏ గవర్నరు భక్తి, ఏ అధికారి దయ దాన్ని మార్చలేవు.